ఒడ్డే రేవుగా బతికిన ఊళ్లు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు మన మాస్టార్ల గురించే రాద్దామని కూర్చున్నాను. జ్ఞాపకం కోసం పాత ఫొటోలు బయటకు తీశాను. 1979లో ఆరో తరగతిలో దిగినది ఒకటి, 1984లో పదో తరగతి వీడ్కోలు నాడు దిగినది ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి దానిలో ఉండి రెండో దానిలో లేని ముఖాలు పదకొండు లెక్క తేలాయి. అందులో తొమ్మిది ఒడ్డున ఉన్న పేటల పిల్లలవి.

వాళ్లు చదువు రాక మానేసినవాళ్లు కాదు. నా పక్కన కూర్చునేవాడు లెక్కల్లో నాకంటే చురుకు. ఎనిమిదో తరగతి సగంలో ఒక సోమవారం నుంచి రావడం మానేశాడు. మాస్టారు రెండు మూడు వారాలు హాజరు పిలిచి, తర్వాత పేరు కొట్టేశారు. ఎందుకు మానేశాడని మేమెవరమూ వెళ్లి అడగలేదు. "జాలరోళ్ల పిల్లలు కదా, వేటకి పోతారు" అనుకున్నాం. అంతే.

నేను సివిల్ ఇంజనీరునయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం రేవుల పనుల్లో, తీరం వెంబడి కట్టడాల్లో గడిచింది. ఆ తొమ్మిది మంది ఎందుకు మానేశారన్న ప్రశ్నకు జవాబు కొంత నా వృత్తిలోనే ఉందని తెలియడానికి చాలా కాలం పట్టింది. మన భీమిలి చరిత్ర రాసేవాళ్లు డచ్చివారి సమాధుల గురించి, లైట్‌హౌసు గురించి, గంటస్తంభం గురించి రాస్తారు. ఒడ్డు పేటల చరిత్ర ఎవరూ రాయరు. తెలిసినంత మేరకు ఆ పని నేను చేస్తాను.

రేవు నడిపిన చేతులు

గోస్తని నది సముద్రంలో కలిసే ఈ చోట పదిహేడో శతాబ్దంలో డచ్చివారు స్థావరం పెట్టారు. 1825లో అది ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లో మనది మునిసిపాలిటీ అయింది. మన చుట్టుపక్కల పండే గోగునార ఇక్కడి నుంచి ఎగుమతై, ప్రపంచం అంతటా 'బిమ్లీ జూట్' అని మన ఊరి పేరుతోనే చెలామణీ అయింది. ఇదంతా మన సోషలు మాస్టారు చెప్పిందే.

ఆయన చెప్పనిది ఒకటుంది. భీమిలికి రేవు అని పేరేగానీ ఓడ ఒడ్డుకు వచ్చే వీలు ఎన్నడూ లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకూ మనుషులూ అలల మీదుగా పడవల్లో వెళ్లి ఎక్కాల్సిందే. ఆ పడవలు మసూలా పడవలు. వాటికి మేకులుండవు. పలకలకు బెజ్జాలు పెట్టి కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. మన తీరంలో అల ఒడ్డుకు దగ్గరగా వచ్చి ఒక్కసారిగా విరుగుతుంది. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకు నెర్రెలిస్తుంది. కుట్టిన పడవ కొంచెం వంగి, మళ్లీ నిలబడుతుంది. బిగుతుగా కట్టడం కంటే వంగనిచ్చి కట్టడం మేలని మాకు ఇంజనీరింగు కాలేజీలో భూకంపాల పాఠంలో చెప్పారు. మన ఒడ్డున వాడబలిజలు, జాలర్లు ఆ సంగతి తరతరాలుగా చేతుల్లో పెట్టుకున్నారు.

అంటే వర్తకుల రేవును నడిపింది ఈ పేటల వాళ్లే. 1933లో విశాఖపట్నం హార్బరు తెరుచుకుంది. ఓడలు నేరుగా గట్టుకు ఆనే చోటు దొరికాక, ఒడ్డుకు రాలేని రేవుల అవసరం తగ్గిపోయింది. భీమిలి వర్తకం సన్నగిల్లింది. వర్తకులు వేరే ఊళ్లు చూసుకున్నారు. పేటల వాళ్లకు చేపల వేట మిగిలింది.

తెప్పను ఇంజనీరు చూస్తే

మా చిన్నప్పుడు ఒడ్డున వరసగా తెప్పలుండేవి. తేలిక జాతి కర్ర దుంగల్ని చెక్కి, జత చేసి కట్టినవి. అడుగున నీళ్లు నిలిచే గొయ్యి ఉండదు. అల మీద పడితే నీరు దుంగల సందుల్లోంచే జారిపోతుంది. బోల్తా పడినా మునగదు, తిప్పి మళ్లీ ఎక్కొచ్చు. ఒడ్డుకు వచ్చాక విప్పి ఇసుక మీద ఆరబెడతారు. దానికి డీజిలు అక్కర్లేదు, జెట్టీ అక్కర్లేదు, రేవు అక్కర్లేదు. నాలుగు భుజాలూ కొంత ఇసుక ఒడ్డూ ఉంటే చాలు. ఇంత తక్కువ సామగ్రితో ఇంత కఠినమైన పని చేసే యంత్రాన్ని నేను నా ఉద్యోగంలో చూడలేదు.

తెల్లవారుజామున గాలి చూసుకుని తెరచాప ఎత్తి వెళ్లేవారు, పగటికల్లా తిరిగొచ్చేవారు. కాలాన్ని బట్టి వల మారేది. కవ్వళ్లకు ఒక కన్ను వల, కానాగంతలకు ఇంకో కన్ను. పెద్ద చేపకు గేలం. ఏ నెలలో ఏ చేప ఒడ్డుకు ఎంత దగ్గరగా వస్తుందో, నీటి రంగు మారితే ఏమిటో, కొండ గుర్తులు పెట్టుకుని నీటి కింద రాతి దిబ్బ ఎక్కడుందో వాళ్లకు కంఠతా వచ్చేది. మన బడిలో దాన్ని చదువు అనలేదు.

పెద్దవల లాగడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పడవ మీద వలను సముద్రంలోకి తీసుకెళ్లి, విల్లులా తిప్పి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెచ్చేవారు. ఒక్కో తాడుకు ఇరవై ముప్పై మంది. బడి వదిలాక మనమూ వెళ్లి తాడు పట్టుకునేవాళ్లం. లాగింది తక్కువ, వేళ్లాడింది ఎక్కువ. అయినా వల ఒడ్డెక్కాక దోసెడు నెత్తళ్లు మన నిక్కరు జేబుల్లో పోసేవారు. ఇంటికెళ్తే అమ్మ తిట్లు వేరే సంగతి. తాడు పట్టిన ప్రతి చేతికీ పాలు ఉండాలన్నది ఆ ఒడ్డు ధర్మం. పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, మనిషికి ఒక వాటా. ముసలివాళ్లకూ భర్త పోయిన ఆడవాళ్లకూ ఎంతో కొంత.

చేప ఒడ్డెక్కాక పెత్తనమంతా ఆడవాళ్లది. అమ్మకం, ఉప్పు వేయడం, ఎండబెట్టడం, గంపలు నెత్తిన పెట్టుకుని లోపలి ఊళ్లకు నడవడం. ఎండు చేపకు చోళ్లు, ధాన్యం మారకం. ఇంట్లో డబ్బు లెక్క వాళ్ల కొంగు ముడిలో ఉండేది.

ఆ బతుకు సుఖమైనదని చెప్పడం నా ఉద్దేశం కాదు. వానాకాలంలో పస్తులుండేవి. తుఫానుకు తిరిగిరాని తెప్పలుండేవి. సావుకారు అప్పు అప్పుడూ ఉంది. కానీ వేటకు కావలసిన సరంజామా చాలావరకు వాళ్ల చేతిలోనే ఉండేది. తర్వాత జారిపోయింది అదే.

రొయ్య తెచ్చిన మార్పు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశానికి తిండి కావాలి. సముద్రంలో చేపలు చాలా ఉన్నాయి, పట్టే పద్ధతి పాతది, కాబట్టి యంత్రాలు తేవాలి అన్నారు. 1952లో నార్వే సాయంతో కేరళలోని నీండకర దగ్గర ఒక పథకం మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణులు మన తీరాలకూ వచ్చి ఇంజను పడవల నమూనాలు గీశారు. మంచి ఉద్దేశంతోనే వచ్చారు. మత్స్యకారుడి రాబడి పెంచాలన్నదే మొదటి మాట.

ఈలోగా అమెరికా, జపాను మార్కెట్లలో మన రొయ్యకు గిరాకీ వచ్చింది. అక్కడి నుంచి కథ మలుపు తిరిగింది. రొయ్య అడుగున, బురదలో, తీరానికి దగ్గరగా ఉంటుంది. దాన్ని పట్టడానికి ట్రాలు వల కావాలి. సంచీలాంటి వలను సముద్రం అడుగున ఈడ్చుకుపోవడమే దాని పని. విశాఖలో చిన్న ట్రాలు బోట్లు వచ్చాయి. పాబ్లో, రొయ్య, సొర్రా, సోనా అని వాటి సైజును బట్టి పేర్లు. డెబ్బైల్లో ఇరవై మీటర్లు దాటిన పెద్ద ట్రాలర్లు కూడా వచ్చాయి. వాటిని అందరూ మెక్సికన్ ట్రాలర్లు అనేవారు. రొయ్యను ఐసులో పెట్టి, వలలో పడిన చవక చేపను సముద్రంలోనే పారబోసి వచ్చేవి. ఆ పారబోసిన చేపే తెప్ప మీద వెళ్లేవాడి రోజు కూలి.

ఈడ్చే వల ఎంపిక చేసుకోదు. పెద్ద చేపతోపాటు పిల్ల చేప, గుడ్లతో ఉన్న తల్లి, నాచు, గవ్వ అన్నీ వస్తాయి. తీరానికి దగ్గరి తక్కువ లోతు నీళ్లు చేప పిల్లలు పెరిగే చోటు. విత్తనపు ధాన్యాన్ని దంచుకుని తింటే మరుసటి ఏడు పొలానికి ఏం మిగులుతుంది?

అన్ని కొత్తలూ చెడ్డవని నేననను. నూలు వలలు రోజూ ఆరబెట్టాలి, బెరడు కషాయంలో ఉడకబెట్టాలి. నైలాను వల వచ్చాక ఆ చాకిరీ పోయింది, చేపా ఎక్కువ పడింది. 1979లో మొదలైన బంగాళాఖాతం మత్స్య కార్యక్రమం మన తీరపు అలలను లెక్కలోకి తీసుకుని, ఒడ్డునే దిగగల ఫైబరు పడవలు తయారు చేయించింది. తెప్పల స్థానంలో ఫైబరు బోట్లు, పొడుగు కాడ డీజిలు ఇంజన్లు వచ్చాయి. చుక్కాని పట్టేవాడి నడుము కొంత నిలబడింది. కానీ దగ్గర చేప తరిగేకొద్దీ దూరం పోవాలి, దూరం పోవాలంటే డీజిలు కావాలి, డీజిలుకు అప్పు కావాలి. అప్పు ఇచ్చినవాడికే చేప పోయాలి, అతను చెప్పిన ధరకే. తెప్ప కాలంలో వట్టి చేతులతో తిరిగొస్తే ఆ పూట కూడు పోయేది. ఇంజను వచ్చాక వట్టి చేతులతో వస్తే డీజిలు బాకీ మిగలసాగింది.

బోట్లు పెద్దవై, చేప దిగే చోటు ఒడ్డు నుంచి ఫిషింగ్ హార్బరుకు మారింది. అక్కడ వేలం పాట టన్నుల లెక్కన. గంప ఆవిడ ఆ పాట పాడలేదు. పెత్తనం చేసిన ఆడవాళ్లు రొయ్యల షెడ్లలో తల వొలిచే కూలీలయ్యారు.

ఒడ్డు ఎక్కడికి పోయింది

ఇక నా వంతు. మన తూర్పు తీరంలో నైరుతి గాలుల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. ఆ తాకిడికి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య గాలులకు కొంత వెనక్కి వస్తుంది, కానీ ఏడాది మొత్తం మీద ఉత్తరపు నడకే ఎక్కువ. ఒడ్డు అంటే నిలిచిన ఇసుక అనుకుంటాం. నిజానికి అది నడుస్తున్న ఇసుక. మనకు కనిపించేది ఆ క్షణానికి అక్కడున్నది మాత్రమే.

ఈ నడకకు అడ్డంగా సముద్రంలోకి గోడ కడితే దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది, ఉత్తరం వైపు ఒడ్డు కోసుకుపోతుంది. ఇది ఇంజనీర్లకు ఎప్పటి నుంచో తెలుసు. విశాఖ హార్బరు కట్టినప్పుడు రెండు పాత ఓడల్ని నింపి ముంచి అలలకు అడ్డుగోడ చేశారు. అక్కడ చేరే ఇసుకను తవ్వి ఉత్తరపు ఒడ్డుకు పోసే ఏర్పాటు అందుకే ఉంది. ఆ పని ఆగిన ప్రతిసారీ నగరం బీచి రోడ్డుకు ముప్పు వస్తుంది. నగరానికి రోడ్డుంది కాబట్టి పేపర్లో వస్తుంది. పేటలకు ఒడ్డు తప్ప ఏముంది?

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రేవు పనిలో సర్వే జట్టులో ఉన్నాను. ఉత్తరం వైపు ఇసుక కోత పడుతుందని మా లెక్కల్లో తేలింది. నివేదికలో 'స్థానికంగా స్వల్ప ప్రభావం' అని రాశారు. కింద సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ 'స్థానికం'లో ఒక పల్లె ఉంది. నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడ పడవలు లాగి పెట్టుకునే ఒడ్డు లేదు, రాళ్ల కట్ట ఉంది. రాళ్ల మీదికి తెప్పను తేలేరు, వల ఆరబెట్టలేరు, చేప ఎండబెట్టలేరు. ఒక ముసలాయన నన్ను చూసి అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "సంద్రం ఎక్కడికీ పోనేదు బాబూ, ఒడ్డే పోనాది."

రేవులు వద్దని నేననడం లేదు. నా కుటుంబం వాటి మీదే బతికింది. ఎగుమతులు, ఉద్యోగాలు అందరం చూస్తున్నాం. కానీ రేవు ఖర్చు లెక్క కట్టినప్పుడు సిమెంటు, రాయి, డ్రెడ్జరు అద్దె వేస్తాం. ఒడ్డునే రేవుగా వాడుకునే పల్లె నష్టం ఏ పద్దులోనూ పడదు. గంగవరం రేవు వచ్చినప్పుడు దిబ్బపాలెం ఊరే కదిలిపోయింది. మన బీచి రోడ్డు వెడల్పయ్యేకొద్దీ, రిసార్టులు లేచేకొద్దీ, వల ఆరేసే చోటు సన్నబడింది.

చట్టమూ, వలసా

1994లో ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వచ్చింది. తీరం నుంచి 8 కిలోమీటర్ల నీరు సంప్రదాయ పడవలకే, యంత్రాల బోట్లు ఆ అవతలే వేటాడాలి. కాగితం మీద మంచి చట్టం. కానీ నీటి మీద గీత కనబడదు, రాత్రి అసలే కనబడదు. చేప పిల్లలు ఎదగడానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కూడా ఉంది. ఇంజను లేని పడవలకు అందులో మినహాయింపు ఉంది. అయితే ఇంజను లేని పడవలు ఎన్ని మిగిలాయి, వాటికి పడే చేప ఎంత?

2010 జాతీయ మత్స్య గణనలో మన రాష్ట్ర తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, 6 లక్షలకు పైగా జనం తేలారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం దేశంలో పట్టే సముద్ర చేపలో నూటికి ఎనభై వంతులు యంత్రాల బోట్లవి. మిగిలినది దాదాపు అంతా ఇంజను తగిలించిన చిన్న పడవలది. చేతి తెడ్డుతో, తెరచాపతో పట్టేది నూటికి ఒకటి రెండు. స్వాతంత్ర్యం నాటికి దాదాపు మొత్తం పట్టింది వాళ్లే.

చేప తగ్గితే ఉన్న చేప కోసం మనుషులు కొట్టుకుంటారు. 2022 జనవరిలో విశాఖ తీరంలో రింగు వలల గొడవలో బోట్లు తగలబడ్డాయి. రెండు వైపులా ఉన్నది మత్స్యకారులే, ఒకరికొకరు చుట్టాలే. టీవీలో అది శాంతిభద్రతల వార్త అయింది.

మిగతావాళ్లు వలస పోయారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల యువకులు వేలమంది ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి ట్రాలర్ల మీద జీతానికి పనిచేస్తారు. ఏ బోటు తమ ఒడ్డున చేపను తరిమిందో, అలాంటి బోటు మీదే ఇంకో సముద్రంలో కూలీలు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న వారిలో మన ఉత్తరాంధ్రవాళ్లు ఇరవై మంది ఏడాదికి పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. ఆ కథ 'తండేల్' సినిమాగా చాలామంది చూశారు. సినిమాకు రానివాళ్లు ఇంకా ఎందరో. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వెరావల్‌లో చిక్కుకున్నవాళ్లను బస్సుల్లో దేశం అడ్డంగా తీసుకొచ్చారు.

నా పక్కన కూర్చున్నవాడు

ఆ బస్సుల్లో ఒకదానిలో నా పాత స్నేహితుడి కొడుకు వచ్చాడు. ఆ సంగతి తెలిసి, ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత వాడింటికి వెళ్లాను. వాడు నన్ను గుర్తుపట్టి, లోపలికి రమ్మని పీట వేశాడు. చాలాసేపటికి అడగగలిగాను, బడెందుకు మానేశావురా అని.

"ఆ రాత్రి మా అయ్య ఏసిన వల మీంచి ట్రాలు బోటు ఎల్లిపోనాది. తెల్లారి సూస్తే ముక్కలే. నైలాను వల, అప్పుకి కొన్నాడు. సావుకారు నన్ను బోటు మీద వంటపనికి పెట్టమన్నాడు, అప్పు తీరేదాకా" అన్నాడు. పదమూడేళ్ల వాడు, తన తండ్రి వలను చింపిన లాంటి బోటు మీదే వంట వండాడు. అప్పు తీరేసరికి మీసాలొచ్చాయి. "నువ్వు రెండు మూడు సార్లు ఒడ్డుకొచ్చావు, నేను బోటు మీంచి చూశాను. పిలవడానికి సిగ్గేసింది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. సిగ్గుపడవలసినవాడు వాడు కాదు.

మన బడి గోడకు, ఆ ఒడ్డుకు మధ్య దూరం పది నిమిషాల నడక. ఆ సోమవారం మాలో ఒక్కరు నడిచి ఉంటే చరిత్ర మారేదని కాదు. ట్రాలు బోట్లు ఆగేవి కాదు. కానీ ఒక కుర్రాడు పదో తరగతి ఫొటోలో ఉండేవాడేమో.

వాడి మనవడు ఇప్పుడు మన బడిలోనే ఎనిమిదో తరగతి. తండ్రి మళ్లీ వెరావల్‌లోనే ఉన్నాడు. సంఘం పెద్దలకూ, ఉపాధ్యాయులకూ నా విన్నపం రెండు ముక్కల్లో. ఒకటి, ఒడ్డు పేటల పిల్లలెవరైనా వరసగా వారం రోజులు బడికి రాకపోతే కబురు సంఘానికి అందాలి, మనలో ఒకరు వెళ్లి ఎందుకో కనుక్కోవాలి. అప్పు కారణమైతే దానికి ఒక నిధి పెట్టుకుందాం. మొదటి చందా నాది. రెండు, పేటల్లో డెబ్బై దాటిన వాళ్లు ఇంకా కొందరున్నారు. తెప్ప కట్టడం, గాలి గుర్తులు, చేపల పేర్లు, కొండ గుర్తులు వాళ్లతోపాటే పోకముందు మన పిల్లల చేత అడిగించి రాయించుదాం. అడిగే పిల్లలు ఆ పేటల వాళ్లయితే ఇంకా మంచిది. తమ తాత చెప్పేది చదువేనని వాళ్లకు మన బడే చెప్పాలి.

నలభై ఏళ్ల కిందట మాస్టారు కొట్టేసిన ఆ పేరును ఈ వ్యాసంలో రాయలేదు, వాడే వద్దన్నాడు. ఉత్సవం రోజున మాత్రం వస్తానన్నాడు. 1984 బ్యాచి వరుసలో వాడికి ఒక కుర్చీ వేయించండి.